ఎకరానికి ఒక్క ఇల్లే ఎందుకు?

అమెరికాలో ఊరు దాటి కాస్త లోపలికెళ్తే ఇళ్ళు దూరదూరంగా కనిపిస్తాయి. ఎకరానికొకటి, రెండెకరాలకొకటి, చుట్టూ బోలెడు గడ్డి. ఇండియా నుంచి చూడ్డానికొచ్చిన పెద్దవాళ్ళు మొదటి వారంలోనే అడుగుతారు, "ఇంత స్థలం ఊరికే వదిలేశారేంట్రా?" అని. మన దగ్గర సమాధానం రెడీగా ఉంటుంది. వీళ్ళకి భూమి ఎక్కువ, డబ్బులెక్కువ, పక్కవాడి మొహం చూడ్డం ఇష్టముండదు. అందులో కొంత నిజం లేకపోలేదు గానీ, అసలు కారణం ఆ గడ్డి కింద ఉంది. ఆ ఇంట్లో ఫ్లష్ చేసిన నీళ్ళు, స్నానం నీళ్ళు, అంట్లు కడిగిన నీళ్ళు అన్నీ ఆ గడ్డి కిందే ఇంకాలి. ఎన్ని ఇళ్ళ నీళ్ళు ఆ నేల తాగగలదో లెక్కగట్టి, దాన్నిబట్టి హద్దురాళ్ళు పాతారు. ఆ లెక్క ఎలా పుట్టింది, ఎవరి ఒంటి మీదుగా పుట్టింది అన్నది ఈ టపా.

(భోజనం చేస్తూ చదివే అలవాటున్నవాళ్ళు చెయ్యి కడుక్కుని వస్తే మంచిది.)

సాఫ్ట్‌వేర్‌వాడికి ఈ గోల ఎందుకంటారా? నేనుండేది పెన్సిల్వేనియాలో చెస్టర్ కౌంటీ. మా నాలుగు కుటుంబాలు కలిసి పన్నెండెకరాల పాత పొలం ముక్క ఒకటి కొని, తలా మూడెకరాలు పంచుకుని ఇళ్ళు కట్టుకుందామని అనుకున్నాం. అక్కడ మురుగు కాలవ లేదు. పన్నెండుని నాలుగుతో భాగిస్తే మూడు, ఇంతే కదా అనుకుంటాం. కాదట. ఎన్ని ముక్కలు చెయ్యొచ్చో మట్టి పరీక్ష చెప్పాలట. అక్కణ్ణుంచి తవ్వడం మొదలుపెట్టాను, పుస్తకాల్లోనే లెండి.

కథ ఫ్రాన్సులో మొదలవుతుంది. వెజూల్ అనే ఊళ్ళో జాన్ లూయీ మురాస్ అనే ఆయన 1860 ప్రాంతంలో ఒక ఇంటికి రాతితో తొట్టి కట్టించాడు. ఇంట్లో మురుగంతా దాన్లోకి పోతుంది, పైనుంచి తేరిన నీళ్ళు బయటికి పోతాయి. ఒక పుష్కరం తర్వాత మూత తీసి చూస్తే నిండా మలం ఉండాల్సిన చోట దాదాపు అంతా నీళ్ళే, పైన పల్చగా తెట్టు. గాలి తగలని చోట పెరిగే సూక్ష్మజీవులు చాలా భాగం తినేశాయన్నమాట. 1881లో మురాస్ దానికి పేటెంటు తీసుకున్నాడు. ఇంగ్లండులో ఎక్సెటర్ నగర సర్వేయరు డొనాల్డ్ కామెరాన్ 1895లో ఇలాంటిదే ఇంకొంచెం పెద్దది కట్టి, దానికి సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టాడు. సెప్టిక్ అంటే కుళ్ళబెట్టేది అని. పేరుతోపాటు పేటెంటూ తీసుకున్నాడు. దాన్ని పట్టుకుని కామెరాన్ కంపెనీ అమెరికాలో ఊళ్ళమీద కోర్టుకెక్కింది. 1913లో అయోవా రాష్ట్రంలోని నాక్స్‌విల్ ఊరి కేసులో, బ్రిటిష్ పేటెంటు గడువుతోపాటే అమెరికా పేటెంటూ ముగిసిపోయిందని సుప్రీంకోర్టు తేల్చేసింది. సాఫ్ట్‌వేర్ పేటెంట్ల కొట్లాటలు చూసి మనమే ఏదో కొత్త లోకంలో ఉన్నామనుకుంటాం. మరుగుదొడ్డి దగ్గరే ఆ ముచ్చట తీరిపోయింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. సెప్టిక్ ట్యాంకు మురుగుని శుభ్రం చెయ్యదు. బరువైనవి అడుగుకి దిగుతాయి, జిడ్డు పైకి తేలుతుంది, మధ్యలో నీళ్ళు బయటికొస్తాయి. ఆ నీళ్ళు చూడ్డానికి తేటగా ఉన్నా రోగాల పుట్ట. అవి చిల్లుల గొట్టాల్లోంచి కంకర నింపిన కాలవల్లోకి పోయి అక్కడ మట్టిలోకి దిగుతాయి. సూక్ష్మజీవుల్ని పట్టి ఆపేది, చంపేది ఆ మట్టే. మట్టి మరీ బంకగా ఉంటే నీళ్ళు దిగక పైకి ఉబుకుతాయి. మరీ ఇసకైతే శుభ్రపడకుండానే జారిపోయి బావి చేరతాయి. ట్యాంకుని ఎంత బాగా కట్టినా, మట్టి బాగోకపోతే అంతా వృథా.

మరి మట్టి బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? 1920లలో న్యూయార్క్ రాష్ట్రంలో హెన్రీ రయాన్ అనే ఇంజనీరు దీనికొక ఉపాయం కనిపెట్టాడు. ఒక చిన్న గొయ్యి తీసి, బాగా నానబెట్టి, మళ్ళీ నీళ్ళు పోసి, అంగుళం దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం పెట్టి చూడాలి. ఏళ్ళ తరబడి వాడిన పాత ట్యాంకుల దగ్గరికెళ్ళి, ఏ మట్టిలో ఎంత వైశాల్యం ఎన్నాళ్ళు తట్టుకుందో చూసి, నిమిషాలకీ వైశాల్యానికీ ఒక పట్టిక తయారుచేశాడు. ఇదే పర్కొలేషన్ పరీక్ష. ఇక్కడ అందరూ ముద్దుగా పర్క్ టెస్ట్ అంటారు. స్థలం అమ్మకానికి పెట్టినప్పుడు ప్రకటనల్లో పర్క్ అయింది, కాలేదు అని రాస్తారు. కానిదానికి ధర సగం కూడా పలకదు.

రయాన్ లెక్క ఒక ఇంటి లెక్క. పొలం మధ్యలో ఒక ఇల్లు, దానికో గొయ్యి. రెండో ప్రపంచయుద్ధం అయిపోయి సైనికులు ఇళ్ళకి తిరిగొచ్చేసరికి కథ మారింది. 1934లో పుట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇంటి అప్పులకి హామీ ఇచ్చేది. బిల్డర్లు ఊళ్ళ చివర బంగాళాదుంప పొలాలు కొని వందలూ వేలుగా ఇళ్ళు లేపారు. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండులో 1947 నుంచి 1951 దాకా కట్టిన లెవిట్‌టౌన్‌లోనే 17 వేలకు పైగా ఇళ్ళు. మురుగు కాలవలు వెయ్యాలంటే ఖర్చు, ఆలస్యం. ఇంటికో గుంట తవ్వితే పనైపోతుంది. 1960 నాటికి దేశంలో ఇలా సొంత గుంటల మీద ఆధారపడ్డ ఇళ్ళు కోటి దాటిపోయాయి.

కొన్ని కాలనీల్లో రెండుమూడేళ్ళకే మురుగు పెరట్లోకి ఉబికింది. ఇల్లు వదిలేసి పోతే అప్పు ఎవరు కడతారు? హామీ ఇచ్చిన ప్రభుత్వమే. డబ్బు దగ్గరికొచ్చేసరికి చురుకు పుట్టింది. ఆ సంస్థ అడగ్గా అమెరికా పబ్లిక్ హెల్త్ సర్వీస్ ఇంజనీర్లు సిన్సినాటిలో ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశారు. వాటి సారమంతా 1957లో సెప్టిక్ ట్యాంకుల మాన్యువల్‌గా అచ్చయింది, 1967లో సవరించారు. ఇవాళ అమెరికాలో కౌంటీ ఆఫీసుల్లో కనబడే చాలా నిబంధనలకి ముత్తాత ఆ చిన్న పుస్తకమే. గొయ్యి ఎంత లోతు, బావికి ఎంత దూరం, పడకగదికి ఎన్ని చదరపడుగులు అన్నీ అందులో ఉన్నాయి.

అయినా సమస్య పోలేదు. మా భాషలో చెప్పాలంటే యూనిట్ టెస్ట్ పాసైంది, లోడ్ టెస్ట్ ఫెయిలైంది. ఒక్కో ఇల్లు విడిగా చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పక్కపక్కన వెయ్యి ఇళ్ళు పెడితే కింద నీళ్ళు ఒకటే. మా గుంటలో ఇంకింది మీ బావిలో తేలుతుంది.

ఇది మొట్టమొదట కంటికి కనబడ్డది నురగ రూపంలో. అప్పటి బట్టల సబ్బుపొడుల్లో వాడిన రసాయనం మట్టిలో అంత సులువుగా విరిగేది కాదు. కొళాయి తిప్పితే గ్లాసులో బీరులా నురగ. అంటే మనం తాగేది ఎవరో బట్టలుతికిన నీళ్ళన్నమాట. 1965లో కంపెనీలు ఆ రసాయనం మార్చాయి. లాంగ్ ఐలండులోని సఫోక్ కౌంటీ అయితే 1971లో డిటర్జెంట్ల అమ్మకాన్నే నిషేధించింది. కానీ నురగ మేలే చేసిందని నేనంటాను. అది కనబడింది. అసలు ప్రమాదం కనబడనిది.

1945లో అయోవాలో హంటర్ కామ్లీ అనే డాక్టరు ఒక విషయం రాశాడు. పల్లెల్లో బావినీళ్ళతో పాలపొడి కలిపి పట్టిన కొందరు పసిపిల్లలు నీలంగా మారిపోతున్నారు. నీళ్ళలో నైట్రేట్ ఎక్కువైతే పసివాళ్ళ రక్తం ఆక్సిజన్ మోయలేదు. నైట్రేట్ ఎరువుల్లోంచి, పశువుల పేడలోంచి, మన మలమూత్రాల్లోంచి వస్తుంది. రంగు, రుచి, వాసన లేవు. మరిగిస్తే పోకపోగా నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కనవుతుంది. మట్టి సూక్ష్మజీవుల్ని ఆపినట్టు దీన్ని ఆపలేదు. దీనికున్న చౌక మందు ఒకటే, వాన నీళ్ళతో పలచన చెయ్యడం. వాన పడాలంటే ఖాళీ నేల కావాలి. ఎకరం ఇక్కడే వస్తుంది.

ఒక్క నిమిషం కాగితం తీసుకోండి. మనిషి ఏడాదికి విసర్జించే నైట్రోజన్ సుమారు నాలుగున్నర కిలోలు. ఇంట్లో నలుగురుంటే 18 కిలోలు. నలుగురూ వాడే నీళ్ళు ఏడాదికి 2 లక్షల 75 వేల లీటర్లు అనుకుందాం. ఎకరం నేలలోకి ఏడాదిలో 30 సెంటీమీటర్ల వాన దిగితే, అవి 12 లక్షల లీటర్లు. మొత్తం దాదాపు 15 లక్షల లీటర్లలో 18 కిలోలు, అంటే లీటరుకి 12 మిల్లీగ్రాములు. అమెరికాలో తాగేనీటికి హద్దు 10. దారిలో కొంత నైట్రోజన్ గాలిలోకి పోతుంది కాబట్టి ఎకరానికి ఒక ఇల్లు గట్టెక్కుతుంది, బొటాబొటిగా. ఇదే ఇల్లు పావెకరంలో కడితే? వాన వాటా 3 లక్షల లీటర్లే. లెక్క 31కి చేరుతుంది. గట్టెక్కే దారి లేదు.

సఫోక్ కౌంటీ ఇలాంటి లెక్కలతోనే 1980ల మొదట్లో చట్టం చేసింది. మురుగు కాలవ లేని చోట కొత్తగా భూమి విడగొడితే, కొన్ని ప్రాంతాల్లో ఒక్కో ముక్క కనీసం 40 వేల చదరపడుగులుండాలి. అసలు ఎకరం 43,560. కాస్త తక్కువున్న దీన్ని బిల్డరు ఎకరం అని పిలుస్తారు. టెక్సస్‌లో పంపు నీళ్ళుంటే అరెకరం, సొంత బోరుంటే ఎకరం అన్నారు. అంకెలు చోటునిబట్టి మారతాయి గానీ ఆలోచన ఒకటే, తాగేదీ వదిలేదీ ఒకే నేలలోనైతే ఎక్కువ నేల కావాలి.

ఇంతవరకూ కథలో అందరూ మంచివాళ్ళే. కానీ నిబంధన అనేది ఒకసారి పుట్టాక దాన్ని రకరకాల వాళ్ళు రకరకాలుగా వాడతారు. మా చెస్టర్ కౌంటీలోనే ఈస్ట్‌టౌన్ అనే టౌన్‌షిప్ ఉంది. అక్కడ ఇంటికి కనీసం నాలుగెకరాలుండాలని నియమం పెట్టారు. చెప్పిన కారణాల్లో ఒకటి మురుగు. స్థలం యజమానులు కోర్టుకెళ్ళారు. 1965లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. మురుగు సమస్య ఉంటే మురుగు నిబంధనలతో చూసుకోండి, కొత్తవాళ్ళు రాకుండా తలుపు మూయడానికి స్థలం కొలతని వాడుకోవడం కుదరదు అన్నది దాని సారాంశం. మేము ఈ కౌంటీకి కొత్తవాళ్ళం కాబట్టి ఆ తీర్పు నాకు కాస్త ఎక్కువ నచ్చింది, దాచుకోవడమెందుకు. ఆ తీర్పు వచ్చిన కొద్దికాలానికే, 1966 జనవరిలో, రాష్ట్రం సొంత మురుగు చట్టం తెచ్చింది. ప్రతి టౌన్‌షిప్‌కీ మురుగు ప్రణాళిక ఉండాలి. భూమి విడగొట్టాలంటే ముందు ప్రతి ముక్కలోనూ మురుగు ఎక్కడికి పోతుందో చూపించాలి. ఎకరాలు కాదు, మట్టి మాట్లాడాలి. నా ఉద్దేశంలో ఈ మొత్తం చరిత్రలో సరైన మలుపు అదే.

మిషిగన్‌లో ఇంకో తమాషా. 1967 చట్టం ప్రకారం పదేళ్ళలో పదెకరాలు, అంతకు తక్కువ ముక్కలు ఐదు లేదా ఎక్కువ చేస్తే అది సబ్‌డివిజన్, దానికి అనుమతుల తతంగమంతా ఉంటుంది. మరి పదెకరాలకి కొంచెం పైనుంటే? ఇంకేముంది, రాష్ట్రమంతా 10.1 ఎకరాల ముక్కలు పుట్టుకొచ్చాయి. రోడ్డు పక్క సన్నగా, వెనక్కి పొడుగ్గా, రిబ్బన్లలాగ. గడ్డి కొయ్యడానికి మరీ ఎక్కువ, దున్నడానికి మరీ తక్కువ. ముప్ఫై ఏళ్ళపాటు మంచి వ్యవసాయభూమి అలా చీలికలైపోయాక 1997లో చట్టం మార్చారు. హద్దు ఎక్కడ పెడితే జనం సరిగ్గా దానికి ఒక అంగుళం అవతల గుడారం వేస్తారు. ప్రోగ్రామింగులోనూ ఇంతే.

నిబంధన ఎక్కువైతే ఏమవుతుందో చూశాం. అసలు లేకపోతే? టెక్సస్‌లో మెక్సికో సరిహద్దు వెంట 1950ల నుంచీ కొందరు వ్యాపారులు పనికిరాని పొలాలు కొని చిన్నచిన్న ముక్కలు చేసి పేద కూలీలకి వాయిదాల మీద అమ్మారు. నీళ్ళు లేవు, కాలవలు లేవు. అవన్నీ తర్వాత వస్తాయని నోటిమాట. వాటిని కొలోనియాలంటారు. వాయిదాలు పూర్తయ్యేదాకా స్థలం పత్రాలు చేతికి రావు, ఒక్క వాయిదా తప్పితే అంతా పోతుంది. అలా లక్షలమంది మురుగు గుంటల పక్కనే, వానొస్తే మునిగిపోయే చోట బతికారు. 1989లో రాష్ట్రం కదిలింది. నీళ్ళూ మురుగూ ఏర్పాటు చూపకుండా స్థలాలు అమ్మకూడదని నమూనా నిబంధనలు చేసి, 1995లో ఇంకా బిగించింది. కట్టిన ఇళ్ళకింద కాలవలు వెయ్యడం మాత్రం దశాబ్దాలు పట్టే పని. ముందే గొయ్యి తీసి చూస్తే ఒక్క రోజు పని.

అన్నట్టు, మా పన్నెండెకరాలు ఏమైందో చెప్పలేదు కదూ. పెన్సిల్వేనియాలో ఈ పరీక్ష టౌన్‌షిప్ తరఫున మురుగు అధికారి ఎదుట జరగాలి. ముందు జేసీబీ లాంటి యంత్రంతో నిలువెత్తు గొయ్యి తీస్తారు. ఆయన అందులోకి దిగి మట్టి పొరలు చూస్తాడు. మట్టిలో బూడిదరంగు, తుప్పురంగు మచ్చలుంటే అక్కడిదాకా ఏటా నీళ్ళు నిలుస్తున్నాయని అర్థం. నువ్వు ఎండాకాలంలో వచ్చినా సరే, చలికాలం సంగతి మట్టి రాసిపెట్టుకుంటుంది. ఆ మచ్చలు 60 అంగుళాల కిందుంటే మామూలు కాలవలు తవ్వుకోవచ్చు. తక్కువుంటే నేలమీద ఇసక దిబ్బ పోసి దాన్లోకి పంపాలి. దానికీ కనీసం 20 అంగుళాల మంచి మట్టి ఉండాలి. ఆ తర్వాత ఆరు గుంతల్లో నీళ్ళుపోసి గడియారం పెడతారు. మా నాలుగు చోట్లలో ఒకటి మామూలుగా పాసైంది. రెండు ఇసక దిబ్బకి పాసయ్యాయి. నాలుగో చోట 14 అంగుళాలకే మచ్చలు. పక్కన ఇంకో రెండు గోతులు తీసినా అంతే. అంటే నాలుగు కుటుంబాలు, మూడు ఇళ్ళు. ప్రస్తుతం వారం వారం ఎవరో ఒకరింట్లో టీ తాగుతూ దీనిమీదే చర్చ. స్నేహాలు కూడా పర్క్ టెస్ట్ పాసవ్వాలి మరి.

ఇదంతా పాత చరిత్ర అనుకోకండి. 1990 జనగణనలో అమెరికాలో 2 కోట్ల 47 లక్షల ఇళ్ళు, అంటే దాదాపు నాలుగో వంతు, సెప్టిక్ ట్యాంకులు, గుంటల మీదే ఉన్నాయి. తర్వాతి జనగణన నుంచి ఆ ప్రశ్నే తీసేశారు. ఎకరం లెక్క చేసిన సఫోక్ కౌంటీలోనే, లెక్క రాకముందు కట్టిన చిన్న స్థలాల వల్ల సుమారు 3 లక్షల 60 వేల ఇళ్ళ మురుగు ఇంకా నేలలోకే పోతోంది. ఆ నైట్రోజన్ సముద్రపు పాయల్లో చేరి నాచు పెరిగి, పేరుమోసిన అక్కడి ఆల్చిప్పల వేట దెబ్బతింది. 2024 నవంబరులో అక్కడి ఓటర్లు దీన్ని బాగుచెయ్యడానికి అమ్మకపు పన్ను పెంచుకుంటామని ఓటేశారు. తాతలు ఆదా చేసిన కాలవ ఖర్చు మనవలు కడుతున్నారు.

ఇప్పుడు మనూళ్ళ సంగతి. హైదరాబాదు చుట్టూ, విజయవాడ చుట్టూ వెంచర్లలో మామూలు ప్లాటు 200 గజాలు. ఎకరం 4840 గజాలు. రోడ్లూ పార్కూ పోగా ఎకరానికి పన్నెండు ఇళ్ళు వేసుకోండి. చాలాచోట్ల ఇంటికో బోరు, ఇంటికో సెప్టిక్ ట్యాంకు. మనకి నిబంధనలు లేక కాదు. సెప్టిక్ ట్యాంకుల మీద మన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2470లో ఇదే గొయ్యి పరీక్ష ఉంది. ఇంకుడు కాలవకీ తాగేనీటికీ మధ్య 18 మీటర్లుండాలనీ ఉంది. తాగేనీటిలో నైట్రేట్ హద్దు లీటరుకి 45 మిల్లీగ్రాములు, అమెరికావాళ్ళ 10ని ఇంకో రకంగా కొలిస్తే వచ్చేది అదే. కానీ 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న ప్లాటులో 18 మీటర్లంటే దాదాపు మొత్తం పొడవు. 2007లోనూ 2020లోనూ అనుమతిలేని లేఅవుట్లని డబ్బు కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకాలొచ్చాయి. కాగితం క్రమబద్ధమవుతుంది. మట్టికి ఆ సంగతి తెలీదు.

ఫోనులో అమ్మతో ఈ మాటే అంటే, "మన బోరు ఈశాన్యంలో ఉంది, ట్యాంకు వాయవ్యంలో ఉంది, అన్నీ వాస్తు ప్రకారమే కట్టించారు మీ నాన్న, నువ్వేం కంగారుపడకు" అంది. నిజమే, చాలామంది అలాగే కట్టిస్తారు. మన బోరుకీ మన ట్యాంకుకీ స్థలంలో ఉన్నంత ఎడం దొరుకుతుంది. ఇప్పుడు వరసగా పక్కపక్క ప్లాట్లు గీసి చూడండి. మన వాయవ్యం మూల ఆనుకుని ఉన్నది పడమటింటివాళ్ళ ఈశాన్యం మూల. అంటే మన ట్యాంకు వాళ్ళ బోరు పక్కన. మన తూర్పింటివాళ్ళ ట్యాంకు మన బోరు పక్కన. మధ్యలో ఉన్నది ఒక ప్రహరీగోడ.

స్థలం కొనేటప్పుడు రోడ్డెంత వెడల్పు, ఏ ముఖం, గజం ఎంత అని అడుగుతాం. "పక్కవాళ్ళ ట్యాంకు ఎక్కడ?" అని కూడా ఒకసారి అడగండి. బోరునీళ్ళు తాగే ఇంట్లో పసిపిల్లలుంటే ఒక్కసారి నైట్రేట్ పరీక్ష చేయించండి. వాసన చూసి చెప్పలేం కాబట్టి.